పారేస్తేనే శుభ్రమా?

కంటిలో శుక్లం తీసి కటకం అమర్చే ఆపరేషన్ ఎక్కడ చేసినా దాదాపు ఒకటే. రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, మసకబారిన కటకాన్ని అల్ట్రాసౌండ్ మొనతో ముక్కలు చేసి పీల్చేసి, ఆ ఖాళీలో కొత్త కటకాన్ని మడతపెట్టి దూరుస్తారు. చెయ్యి తిరిగిన డాక్టరుకి పది పదిహేను నిమిషాల పని. ఇదే పని బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో చేస్తే ఒక్కో కంటికి సుమారు 180 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు గాలిలో కలుస్తున్నాయని 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ తర్వాత అమెరికా పరిశోధకులు పుదుచ్చేరిలోని అరవింద్ కంటి ఆసుపత్రికి వచ్చి, థియేటర్ లోంచి బయటికొచ్చే చెత్తను తూకం వేసి, కరెంటు వాడకం కూడా కలిపి అదే ఆపరేషన్‌కి లెక్క తీశారు. 2017లో అచ్చయిన ఆ లెక్కలో కంటికి తేలింది 6 కిలోలు. చెత్త పావుకిలో.

లెక్కకట్టిన పద్ధతులు రెండూ అచ్చంగా ఒకటి కావు. కార్డిఫ్ వాళ్ళు సామాను ఖరీదును బట్టి ఉద్గారాలను అంచనా వేశారు, ప్రయాణాలను కూడా కలిపారు. ప్రయాణాల వాటా పదో వంతే. మిగిలిన తేడాలన్నిటికీ ఎంత తరుగు తీసినా ఇంత అగాధం లెక్కల పద్ధతి వల్లే వచ్చిందని చెప్పలేం. మన దేశంలో ఏటా అరకోటికి పైగానే శుక్లాల ఆపరేషన్లు జరుగుతున్నాయి. అరకోటే అనుకుందాం. పుదుచ్చేరి పద్ధతిలో చేస్తే 30 వేల టన్నులు, కార్డిఫ్ పద్ధతిలో చేస్తే 9 లక్షల టన్నులు.

ఇంత తక్కువతో చేస్తున్నారంటే ఎక్కడో రాజీపడి ఉంటారని ఎవరికైనా అనిపిస్తుంది. కంటి ఆపరేషన్లలో అందరూ భయపడేది లోపల చీము పట్టడానికి. పడితే చూపు పోవచ్చు. అరవింద్ ఆసుపత్రులు 20 లక్షల ఆపరేషన్ల వివరాలను 2019లో బయటపెట్టాయి. ఆపరేషన్ చివర కంటి లోపలికి మాక్సీఫ్లాక్సాసిన్ అనే మందు కాస్త ఎక్కించడం మొదలుపెట్టాక, పదివేల కళ్ళలో ఏడింటికి వచ్చే ఆ ఇన్ఫెక్షన్ రెండింటికి తగ్గింది. అమెరికాలో ఈ సంఖ్య నాలుగు ప్రాంతంలో ఉంటుంది. అంటే పారేసేది తక్కువైన చోట ప్రమాదం ఎక్కువ కాలేదు.

అరవింద్‌లో చేసేదేమిటో దగ్గరగా చూస్తే మంత్రమేమీ కనబడదు. ఒక సర్జన్‌కి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద కన్ను పూర్తవుతుండగానే రెండో బల్ల మీది రోగికి కన్ను శుభ్రం చేసి, గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచుతారు. సర్జన్ మైక్రోస్కోపును అటు తిప్పుకుని పని మొదలుపెడతారు. గదిని చల్లబరిచే కరెంటు, దీపాలు, సిబ్బంది సమయం అన్నీ ఒకరి మీద కాకుండా ఎందరి మీదో పంచుకుపోతాయి. గౌన్లూ, కప్పే గుడ్డలూ ఉతికి ఆవిరిలో పెట్టి మళ్ళీ వాడేవే. పరికరాల సెట్లు చాలా ఉంటాయి కాబట్టి ఒకటి వాడుకలో ఉండగా ఇంకొకటి స్టెరిలైజ్ అవుతుంటుంది. చేతి తొడుగుల్ని ప్రతి రోగికీ పారేయకుండా, రోగికీ రోగికీ మధ్య క్రిమినాశక ద్రవంతో కడుక్కుంటారు. చుక్కల మందు సీసా ఒక్క రోగితో చెత్తబుట్టలో పడదు. అమెరికాలో నాలుగు చోట్ల శుక్లాల ఆపరేషన్లను పరిశీలిస్తే, తెరిచిన మందుల్లో 45 శాతం వాడకుండానే పారబోశారని 2019లో తేలింది. అక్కడి డాక్టర్లకి పొదుపు తెలియక కాదు. ఒకరికి తెరిచిన సీసా ఇంకొకరికి వాడొద్దన్న నిబంధన వాళ్ళ చేతులు కట్టేసింది.

అరవింద్‌ని మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామికి వాతావరణ మార్పు గురించిన చింతేమీ లేదు. 1976లో, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, మదురైలో 11 పడకలతో ఆసుపత్రి తెరిచారాయన. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా ఆ చేతులతోనే వేలాది కళ్ళకు ఆపరేషన్లు చేశారు. డబ్బు లేని రోగులు, అంతకంటే డబ్బు లేని ఆసుపత్రి. దేన్నీ వృథా చేసే వీల్లేదు. విదేశీ కటకాలు కొనలేక 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేసుకున్నారు. అదే పద్ధతి ఇప్పుడు తిరుపతిలోని వాళ్ళ ఆసుపత్రికీ వచ్చింది. బీదరికం నేర్పిన పొదుపుని అర్ధ శతాబ్దం తర్వాత ధనిక దేశాలు పరిశోధన పత్రాల్లో చదువుకుంటున్నాయి.

ప్రపంచంలోని మొత్తం ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో ఒక అంచనా వచ్చింది. అదే ఒక దేశమైతే కాలుష్యంలో ప్రపంచంలో అయిదోది. ఆసుపత్రి లోపల అన్నిటికన్నా ఆకలి ఎక్కువున్న గది ఆపరేషన్ థియేటర్. వాంకూవర్, మినియాపొలిస్, ఆక్స్‌ఫర్డ్ నగరాల్లోని మూడు పెద్ద ఆసుపత్రుల థియేటర్లను పోల్చి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. చదరపు అడుగు లెక్కన మిగతా ఆసుపత్రి కన్నా థియేటర్లు మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని తాగుతున్నాయి. ఆసుపత్రి చెత్తలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా అక్కడ పుట్టేదే. ఈ ఖర్చు మూడు దారుల్లో పోతోంది: మత్తువాయువులు, గదిలో గాలి, వాడి పారేసే సామాను.

సామానుతోనే మొదలుపెడదాం, అపోహలు ఎక్కువున్నది అక్కడే కాబట్టి. కవరు చింపి తీసిన కొత్త వస్తువైతే శుభ్రమైనదనీ, ఉతికి తెచ్చిన గుడ్డ అయితే అనుమానమనీ మనలో పాతుకుపోయింది. స్టెరిలైజేషన్‌కి కొత్తా పాతా తెలియదు. దానికి తెలిసింది వేడి, ఆవిరి, సమయం. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పటికీ కనిపించే దృశ్యమే తీసుకోండి. ఉతికిన ఆకుపచ్చ నూలుగుడ్డల్ని మడతలు పెట్టి, స్టీలు డ్రమ్ముల్లో సర్ది, ఆటోక్లేవ్‌లోకి ఎక్కిస్తారు. లోపల గాలి పూర్తిగా తోడేశాక 121 డిగ్రీల ఆవిరిని పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, లేదా 134 డిగ్రీల ఆవిరిని మూడు నాలుగు నిమిషాలు నిలబెట్టాలి. గాలి బుడగ మిగిలిపోతే అక్కడికి ఆవిరి చేరదు. గుడ్డలు కుక్కి కుక్కి పెడితే మధ్య మడతలు పచ్చిగానే ఉండిపోతాయి. మూట మీద అంటించిన టేపు మీద లేత చారలు నల్లబడితే ఆ మూట వేడిని చూసిందని అర్థం. వేడిని చూసింది అంతే, లోపలి క్రిములన్నీ చచ్చాయని కాదు. అందుకే మంచి ఆసుపత్రులు వేడికి మొండిగా తట్టుకునే బ్యాక్టీరియా బీజాలను చిన్న గొట్టంలో పెట్టి లోపలికి పంపుతాయి. బయటికొచ్చాక దాన్ని పొదిగించి చూస్తే ఏదీ మొలవకూడదు. ఇంత శ్రద్ధ పెట్టిన గుడ్డ, ఫ్యాక్టరీలో తయారైన గౌనుకి ఏ విధంగానూ తీసిపోదు.

ఆ శ్రద్ధ లోపిస్తే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమన్నారు. అలాంటి వార్త చదివాక, అన్నీ ఒక్కసారి వాడి పారేసేవి కొనిపెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరే, ఇంకో వార్త. 2016లో హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కొందరి చూపు దెబ్బతింది. ఆరా తీస్తే, కన్ను కడగడానికి వాడిన ద్రవంలోనే బ్యాక్టీరియా బయటపడింది. అది ఫ్యాక్టరీ నుంచి సీలుతో వచ్చిన కొత్త సీసా.

ఈ విషయంలో బ్రిటన్ చేదు అనుభవం ఇంకా గట్టిది. పిచ్చి ఆవు వ్యాధి భయంతో, టాన్సిల్స్ ఆపరేషన్‌కి ఒక్కసారి వాడి పారేసే పరికరాలే వాడాలని 2001 జనవరిలో అక్కడ ఆదేశించారు. ఆ వ్యాధిని తెచ్చే ప్రొటీన్ మామూలు ఆటోక్లేవ్ వేడికి లొంగదు కాబట్టి భయానికి కారణముంది. తీరా చూస్తే కొత్త పరికరాల నాణ్యత సరిగా లేక, ఆపరేషన్ తర్వాత రక్తస్రావాలు పెరిగాయి. ఊహించిన ముప్పు కన్నా కళ్ళెదుట ముప్పు పెద్దదైంది. అదే ఏడాది డిసెంబరులో పాత పరికరాలకే తిరిగి వెళ్ళారు.

అలాగని మళ్ళీ వాడేదల్లా పర్యావరణానికి మంచిదేనని చెప్పేస్తే అదీ అబద్ధమే. ఆస్ట్రేలియా మత్తు వైద్యుడు ఫోర్బ్స్ మెక్‌గేన్ ఈ విషయాన్ని ఓపిగ్గా తవ్విన మనిషి. మత్తు ఇవ్వడానికి వాడే గొట్టాలు, ముసుగులు లాంటివి కడిగి వాడితే మేలా, పారేస్తే మేలా అని 2017లో లెక్క వేశారు. డబ్బు ఆదా అయింది గానీ, మెల్‌బోర్న్‌లో ఉద్గారాలు దాదాపు పది శాతం పెరిగాయి. కారణం కడిగి ఆరబెట్టి ఆవిరి పట్టించే యంత్రాలు నడిచేది అక్కడి లిగ్నైట్ బొగ్గు కరెంటుతో. ఇదే పని ఐరోపాలో చేస్తే ఉద్గారాలు 84 శాతం తగ్గేవట. వస్తువులు అవే, యంత్రాలు అవే. తీగలో వచ్చే కరెంటు వేరు.

మనదీ ముఖ్యంగా బొగ్గు కరెంటే. యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అయినా పుదుచ్చేరి 6 కిలోల దగ్గరే ఎలా నిలిచింది? ఆటోక్లేవ్ ఖాళీగా నడవదు కాబట్టి. రోజంతా ఆపరేషన్లు ఉండే చోట ప్రతి విడతా నిండుగా ఉంటుంది. రోజుకి రెండు ఆపరేషన్లు చేసే నర్సింగ్ హోమ్‌లో రెండు కత్తెర్ల కోసం పెద్ద యంత్రం వేడెక్కాలి. సర్జన్ చేతి చలవ సంగతి ఎలా ఉన్నా, కర్బనం లెక్కలో మాత్రం ఆటోక్లేవ్ దగ్గర నిలబడే టెక్నీషియన్‌దే పెద్ద చెయ్యి. ఆయన్ని అడిగి నిర్ణయాలు తీసుకునే ఆసుపత్రులు అరుదు.

పరికరాల ట్రే సంగతి కూడా ఇలాంటిదే. ఒక ఆపరేషన్‌కి ట్రే తెరిస్తే, అందులో ముట్టుకోని ఫోర్సెప్స్‌ని కూడా మళ్ళీ కడిగి, లెక్కపెట్టి, మూటకట్టి, ఆవిరికి పంపాలి. షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2014లో కాపు కాసి చూస్తే, ఆపరేషన్ రకాన్ని బట్టి ట్రేలో ఉన్నవాటిలో 13 నుంచి 22 శాతం మాత్రమే వాడుతున్నారని తేలింది. ఎప్పుడో ఒక సీనియర్ సర్జన్ అడిగినవన్నీ జాబితాలో చేరిపోతాయి. ఆయన రిటైరైనా జాబితా రిటైరవదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెదడు ఆపరేషన్ల థియేటర్లో తెరిచి కూడా వాడకుండా పారేసిన సామాను విలువ ఆపరేషన్‌కి సగటున 653 డాలర్లు ఉందని 2017లో లెక్క తేల్చారు. మన దగ్గరైతే ఆ బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ ఇంకో వింత ఉంది. ఒక్కసారి వాడాల్సిన ఖరీదైన గొట్టాన్ని చాటుగా మళ్ళీ వాడి, రోగి దగ్గర కొత్తదానికి డబ్బు గుంజే ఆసుపత్రులు లేకపోలేదు. పద్ధతీ, పరీక్షా, రికార్డూ ఉండి బహిరంగంగా చేస్తే అది పొదుపు. అవేవీ లేకుండా చేస్తే దొంగతనం, పైగా ప్రాణాలతో చెలగాటం.

ఇక గాలి. ఆపరేషన్ థియేటర్లో గంటకు కనీసం 20 సార్లు గాలి పూర్తిగా మారాలని, అందులో 4 సార్లు బయటి తాజా గాలి రావాలని మన దేశంలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే మూడు నిమిషాలకోసారి గది మొత్తం గాలి మారిపోతుంది. దుమ్మునీ, చర్మం నుంచి రాలే సూక్ష్మకణాల్నీ పట్టే దట్టమైన ఫిల్టర్లలోంచి ఆ గాలిని నెట్టాలి. కొన్ని థియేటర్ల తలుపు పక్కన గోడకి గుండ్రటి చిన్న మీటరు బిగించి ఉంటుంది. లోపలి గాలి పీడనం బయటి వరండా కన్నా కొంచెం ఎక్కువగా ఉందో లేదో దాని ముల్లు చెబుతుంది. తలుపు తెరిచినప్పుడు గాలి లోపల్నుంచి బయటికే పోవాలి, బయటి దుమ్ము లోపలికి రాకూడదు. మన కోస్తాలో దీనికి ఇంకో బాధ. గాలిలో తేమ తగ్గించాలంటే దాన్ని బాగా చల్లబరిచి నీటిని పిండాలి, ఆ తర్వాత గది మరీ గడ్డకట్టకుండా చాలాచోట్ల మళ్ళీ కాస్త వేడి చెయ్యాలి. ఒకే గాలికి రెండుసార్లు కరెంటు. పైన చెప్పిన మూడు ఆసుపత్రుల థియేటర్లలో వాడిన శక్తిలో 90 నుంచి 99 శాతం ఈ గాలి చల్లబరిచే, నెట్టే పనికే పోయింది. ఎల్‌ఈడీ దీపాలు పెట్టించాం అని గర్వపడే యాజమాన్యాలు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా థియేటర్లో ఎవరూ లేకపోయినా చాలాచోట్ల ఇదంతా పగటిలాగే నడుస్తుంటుంది. పూర్తిగా ఆపెయ్యకూడదన్నది నిజమే. పీడనం పోతే దుమ్ము, తేమ, బూజు చేరతాయి. వేగం తగ్గించొచ్చు. ఫ్యాను లాగే కరెంటు దాని వేగపు ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది. అంటే వేగం సగం చేస్తే, సిద్ధాంతం ప్రకారం, కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఇంత లాభసాటి బేరం ఇంజనీరింగ్‌లో అరుదు. ఇందుకు కావలసింది ఫ్యాను మోటారుకి వేగం మార్చే పరికరం, ఆపరేషన్ మొదలయ్యే ముందు గాలిని పూర్తి వేగానికి తెచ్చే క్రమశిక్షణ. ఎమర్జెన్సీల కోసం ఒక థియేటర్‌ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, మిగతావాటి వేగం తగ్గించే ఏర్పాటు చాలు.

చల్లదనం గురించి ఇంకో మాట. గౌను మీద గౌను, దాని కింద ఎక్స్‌రే కవచం తొడుక్కున్న సర్జన్‌కి చెమటలు పడతాయి కాబట్టి గదిని 18 డిగ్రీలకి దింపుతారు. బల్ల మీద పల్చటి గుడ్డ కప్పుకుని, మత్తులో వణకలేని స్థితిలో ఉన్న రోగి శరీరం చల్లబడిపోతుంది. అప్పుడు ఆ రోగికి వేడిగాలి ఊదే దుప్పటి కప్పుతారు. చల్లబడనిస్తే ఏమవుతుందో 1996లో పెద్దపేగు ఆపరేషన్ల మీద జరిగిన అధ్యయనం చెప్పింది. శరీర ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గినవాళ్ళలో 19 శాతం మందికి గాయం చీము పట్టింది, వెచ్చగా ఉంచినవాళ్ళలో 6 శాతం మందికే. ఒక పక్క ఏసీ, ఇంకో పక్క హీటరు, మధ్యలో రోగి.

మూడోది మత్తువాయువులు. మత్తుమందుల చరిత్రలో మనకీ కొంత చోటుంది లెండి. 1888, 1889లలో నిజాం ఖర్చుతో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. వాటి ఫలితాల మీద లండన్ వైద్యపత్రికల్లో పెద్ద దుమారమే రేగింది. అప్పటి చర్చంతా మందు రోగి గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని. రోగి వదిలిన ఆవిరి తర్వాత ఎక్కడికి పోతుందని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. అది పోయేది ఆకాశంలోకే. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ లాంటి ఇప్పటి వాయువుల్లో శరీరం వాడుకునేది నామమాత్రం. రోగి పీల్చి వదిలినది గొట్టం ద్వారా భవనం బయటికి పోతుంది.

వీటిలో డెస్‌ఫ్లూరేన్ విచిత్రమైనది. 23 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, మన వేసవిలో అయితే సీసా మూత తీస్తే చాలు. అందుకే దాన్ని వేడిచేసి పీడనంతో పంపే ప్రత్యేక యంత్రం కావాలి. రోగి త్వరగా తెలివిలోకి వస్తారన్నది దాని ఆకర్షణ. వందేళ్ళ లెక్కన ఒక కిలో డెస్‌ఫ్లూరేన్ 2,540 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టే వేడి పెడుతుంది, సెవోఫ్లూరేన్ 130 కిలోలది. పైగా మత్తు రావాలంటే పీల్చే గాలిలో డెస్‌ఫ్లూరేన్ 6 శాతం ఉండాలి, సెవోఫ్లూరేన్ 2 శాతం చాలు. నిమిషానికి ఒక లీటరు వాయుప్రవాహంతో గంటసేపు మత్తిస్తే, సెవోఫ్లూరేన్‌తో కిలో పైచిలుకు, డెస్‌ఫ్లూరేన్‌తో సుమారు 60 కిలోలు. హైదరాబాద్ నుంచి ఏలూరు దాకా పెట్రోలు కారులో పోయినంత. ఇది గాలిలో ఉండేది పద్నాలుగేళ్ళే కాబట్టి, శతాబ్దాలు ఉండిపోయే కార్బన్ డయాక్సైడ్‌తో సరిపోల్చడం సరికాదనే వాతావరణ శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఆ వాదనలో బలముంది. కానీ అదే పని చేసే మరో మందు చేతిలో ఉండగా ఈ వాదన ఎవరికి పనికొస్తుంది? స్కాట్లండ్ 2023లో డెస్‌ఫ్లూరేన్‌ని మానేసింది. ఐరోపా యూనియన్ 2026 జనవరి నుంచి మామూలు వాడకాన్ని నిషేధించింది. మన దగ్గర ఎక్కువగా ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్లే వాడతారు. డెస్‌ఫ్లూరేన్ కనిపించేది పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో. వాళ్ళు వదిలేస్తున్నదాన్ని మనం హోదాగా తెచ్చుకోవడం పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే.

ఏ వాయువైనా సరే, ప్రవాహం ఎంత పెట్టారన్నది అంతకంటే ముఖ్యం. మత్తు యంత్రం మీద నిలువుగా గాజు గొట్టాలుంటాయి, లోపల తేలే చిన్న బొంగరం నిమిషానికి ఎన్ని లీటర్లో చూపిస్తుంది. రోగి వదిలిన గాలినే, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ని సోడాలైమ్ గుళికలతో పట్టేసి, మళ్ళీ రోగికే పంపే ఏర్పాటు యంత్రంలో ఉంది. గుళికలు తెలుపు నుంచి ఊదారంగుకి తిరిగితే మార్చాలి. ఈ ఏర్పాటు ఉండగా నిమిషానికి ఆరు లీటర్ల కొత్త వాయువు పంపడమంటే అయిదు లీటర్లకు పైగా నేరుగా ఆకాశానికి పంపడమే. బొంగరాన్ని ఆరు నుంచి ఒకటికి దించడానికి టెండర్లు అక్కర్లేదు, మత్తు డాక్టరు రెండు వేళ్ళు చాలు. ఆక్సిజన్, మత్తువాయువు ఎంతున్నాయో చూపే మానిటర్ మాత్రం పక్కన ఉండి తీరాలి.

నైట్రస్ ఆక్సైడ్ కథ వేరు. నవ్వించే గాసుగా పేరుపడిన ఇది నూరేళ్ళకు పైగా గాలిలో ఉంటుంది, ఓజోన్ పొరనూ తింటుంది. పెద్ద ఆసుపత్రుల్లో దీని సిలిండర్లు కింద ఒక గదిలో వరసగా ఉంటాయి, గోడల్లోంచి పైపులు థియేటర్లకు వెళతాయి. ఎడిన్‌బరో ప్రాంతపు ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు అలీఫియా చకేరా బృందం కొన్న సిలిండర్లనూ, రోగులకు నిజంగా వాడిన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. కొన్నదాంట్లో అత్యధిక భాగం ఏ రోగి ముక్కునీ చేరలేదు. పైపుల అతుకుల్లోంచి కారిపోయింది. ఆ పైపులను మూసేసి, అవసరమైతే యంత్రానికే చిన్న సిలిండరు తగిలించుకుంటున్నారు. అమెరికా మత్తు వైద్యుల సంఘం కూడా ఇప్పుడు అదే చెబుతోంది.

వాయువు లేకుండా, నడుములో సూదితో ఇచ్చే మత్తు అన్నిటికన్నా మేలని తోస్తుంది. మెక్‌గేన్ అదీ కొలిచారు. 2021లో మోకీలు మార్పిడి ఆపరేషన్లలో పూర్తి మత్తుకి సుమారు 15 కిలోలు, నడుము మత్తుకి 17 కిలోలు. నడుము మత్తులో రోగికి గంటల తరబడి ఇచ్చిన ఆక్సిజన్, కడిగిన గుడ్డలూ గౌన్లూ లెక్కని తిప్పేశాయి. ఈ రంగంలో ఊహ మీద ఆధారపడి ఏదీ మార్చకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇంత చర్చలోనూ డాక్టర్లు తక్కువ మాట్లాడేది అసలు చెయ్యక్కర్లేని ఆపరేషన్ల గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశ సగటు 21.5. ఏ జనాభాలోనైనా మొత్తం మీద సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు చూడండి. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో దేశంలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి ముప్పై అయిదేళ్ళకే తీసేసిన కథలు మన పల్లెల్లో వీధికొకటి వినబడతాయి. అలాంటి ఆపరేషన్‌ని ఎంత పచ్చని థియేటర్లో చేసినా అది దుబారాయే. ఆ ఆడమనిషి ఆరోగ్యానికి జరిగే నష్టం ముందు కర్బనం లెక్క చిన్నబోతుంది.

మరోవైపు, అవసరమైన ఆపరేషన్ సురక్షితంగా అందనివాళ్ళు ప్రపంచంలో 500 కోట్ల మంది ఉన్నారని 2015లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. ఆపరేషన్లు పెరగాల్సిందే. ఒక్కోచోట సామాను కూడా పెరగాల్సిందే. భారతదేశంతో సహా ఏడు దేశాల్లో 13 వేల మంది మీద జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, పొట్ట ఆపరేషన్ ముగించి కుట్లు వేసే ముందు చేతి తొడుగులూ, పరికరాలూ మారిస్తే గాయం చీము పట్టడం 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. అదనంగా ఒక జత తొడుగులు పోయాయి, కానీ చీము పట్టిన ప్రతి రోగీ మళ్ళీ మంచం ఎక్కి, మళ్ళీ థియేటర్‌కి వచ్చి, వారాల తరబడి కట్లు కట్టించుకుంటే అయ్యే ఖర్చుతో, కర్బనంతో పోలిస్తే ఆ జత ఎంత?

కాబట్టి ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో చెప్పేది కొలత. అరవింద్‌కి ఆ ధైర్యం లెక్కల పుస్తకం నుంచి వచ్చింది. ఆపరేషన్‌లో ఎదురైన ప్రతి ఇబ్బందినీ అక్కడ నమోదు చేస్తారు, ఎవరి చేతిలో ఏ సమస్య ఎన్నిసార్లు వచ్చిందో తిరిగి చూసుకుంటారు. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల థియేటర్‌కి విడిగా కరెంటు మీటరు కూడా ఉండదు. అది పెట్టించి రాత్రి రీడింగూ పగటి రీడింగూ పక్కపక్కన రాస్తే ఏసీ సంగతి వారంలో బయటపడుతుంది. నైట్రస్ సిలిండర్ల కొనుగోలు పుస్తకం పక్కన మత్తు రికార్డులు పెడితే లీకు సంగతీ తెలుస్తుంది. వీటికి కొత్తగా కొనాల్సిందేమీ పెద్దగా లేదు. ఇన్ఫెక్షన్ల రిజిస్టరు మాత్రం అన్నిటికన్నా ముందు మొదలవ్వాలి. అది సరిగ్గా రాయని చోట గౌన్లు ఉతికి వాడమని ఎవరూ సలహా ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా.